తొలినాటి పాటలు చాలు అనే మాట గురించి

అయ్యా, నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఎనభైల నాటి సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) పాటల మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రిక ఈ సంగీతానికి ఒక పూర్తి పేజీ ఇవ్వడం నాకెంతో సంతోషం కలిగించింది. రాసినవారికి ఆ పాటలంటే ప్రేమ అని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే చివరలో వారు తేల్చి చెప్పిన మాట దగ్గర మనసు నొచ్చుకుంది. ఆ కాలపు బృందాలన్నీ తొంభైలతోనే ఆరిపోయాయని, తరువాత వచ్చిన ఆల్బములు పాత పేరు మీద అమ్ముకున్నవేనని, అభిమానులు మొదటి మూడు నాలుగు దగ్గర పెట్టుకుంటే చాలని రాశారు. అందుకు ఉదాహరణగా పెట్ షాప్ బాయ్స్ అనే ఇంగ్లిషు బృందాన్ని ఎత్తుకున్నారు. నా బీరువాలో ఆ బృందానివి తొలి క్యాసెట్లూ ఉన్నాయి, చాలా ఆలస్యంగా వచ్చిన ఒక ఆల్బమూ ఉంది. మీ వ్యాసం చదివిన సాయంత్రమే దాన్ని మళ్ళీ బయటికి తీశాను. ఈ ఉత్తరం దాని గురించే. పొడుగైనందుకు మన్నించండి.

ముందుగా ఒక సవరణ. పెట్ షాప్ బాయ్స్ తొంభైలతో ఆగిపోలేదు. గాయకుడు నీల్ టెనెంట్, కీబోర్డుల దగ్గర నిలబడే క్రిస్ లో, ఈ ఇద్దరే ఆ బృందం. 1981లో కలిశారు, ఇప్పటికీ విడిపోలేదు. మొదటి ఆల్బమ్ 1986లో వచ్చింది. 1999 నాటికి ఏడు స్టూడియో ఆల్బములు అయ్యాయి. ఆ తరువాత 2002, 2006, 2009, 2012, 2013, 2016, 2020, 2024 సంవత్సరాలలో ఒక్కొక్కటి చొప్పున ఎనిమిది వచ్చాయి. మీ వ్యాసకర్త ఆరిపోయారన్న తరువాత వాళ్ళు చేసిన పని, అంతకు ముందు చేసిన దానికన్నా ఎక్కువ. ఇది అభిప్రాయం కాదు, లెక్క. కనుక దీన్ని సవరణగా ప్రచురించమని కోరుతున్నాను.

ఇక మిగిలింది అభిప్రాయం. అది చెప్పడానికి నాకు హక్కేమిటో కూడా చెప్పాలి. హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో నాది రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే దుకాణం. ఎనభైలలో మా గిరాకీలో పెద్ద భాగం ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల హాస్టళ్ళ నుంచే వచ్చేది. ఇప్పుడు దాన్ని అందరూ ఎన్ఐటీ అంటున్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు టూ-ఇన్-వన్‌లు, వాక్‌మన్‌లు పట్టుకుని వచ్చేవారు. బెల్టు సాగిపోయిందని ఒకరు, రోలర్ అరిగి టేపు నమిలేస్తోందని ఒకరు, పాట బురదలోంచి వచ్చినట్లు వినిపిస్తోందని ఇంకొకరు. ఈ చివరి ఫిర్యాదుకు చాలా సార్లు కారణం ఒక్కటే: టేపును చదివే హెడ్ వంకరగా కూర్చోవడం. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్‌లోని సన్నని చీలిక టేపు నడిచే దారికి సరిగ్గా అడ్డంగా, లంబకోణంలో నిలబడేలా దాన్ని తిప్పి సర్దాలి. పావు చుట్టు అటు ఇటు అయినా పై స్వరాలన్నీ చచ్చిపోతాయి. సర్దేటప్పుడు చెవి పెట్టి వినడానికి పదునైన శబ్దాలున్న పాట ఒకటి కావాలి. సన్నాయి పాటలు, గజళ్ళు ఈ పనికి అంతగా పనికిరావు.

నాకు దొరికింది పెట్ షాప్ బాయ్స్ పాడిన వెస్ట్ ఎండ్ గర్ల్స్ పాట. రాంచీ నుంచి వచ్చి ఇక్కడ చదువుకున్న ఒక విద్యార్థి టీడీకే క్యాసెట్ మీద ఎక్కించి, బాల్ పెన్నుతో పాటల పేర్లు రాసి, మరమ్మతు డబ్బులతో పాటు నాకు ఇచ్చి వెళ్ళాడు. ఆ పాట మొదట్లో వీధి రొద ఉంటుంది. అందులోంచి మడమల చెప్పుల చప్పుడు, టక్కు టక్కుమంటూ, దగ్గరకు వస్తుంది. హెడ్ వంకరగా ఉంటే ఆ చప్పుడు దుప్పటి కప్పుకున్నట్లు వినిపిస్తుంది. స్క్రూ నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒక చోట ఆ మడమ నేలకు తగిలిన అంచు విడిగా తెలుస్తుంది. అక్కడ ఆపి స్క్రూ మీద చుక్క లక్క వేసేవాణ్ణి. హాస్టల్ కుర్రవాళ్ళ యంత్రాలు ఎన్నో ఆ పాట చెప్పిన చోటే నిలిచాయి. 1986లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరిన పాట అది. నాకు మాత్రం మొదట పనిముట్టుగానే పరిచయం. పనిముట్టుగా రోజూ విన్నది కాలక్రమంలో చెవికి సొంతమైంది.

ఈ బృందం పుట్టుక కూడా ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనే జరిగిందని తరువాత చదివి ఎంత మురిసిపోయానో చెప్పలేను. లండన్ కింగ్స్ రోడ్డులో ఉన్న దుకాణం అది. పాటల పత్రికలలో పని చేయబోతున్న టెనెంట్ అప్పటికే కోర్గ్ కంపెనీ చిన్న సింథసైజర్ ఒకటి కొనుక్కున్నాడు. దానికి కావలసిన సరంజామా కోసం వెళ్తే, అక్కడ ఆర్కిటెక్చర్ చదువుతున్న క్రిస్ లో తగిలాడు. మాటా మాటా కలిసింది. వైరు కోసం వచ్చినవాళ్ళు మాటల్లో పడిపోవడం మా దుకాణంలో నేనూ చూశాను. ఇంకో సంగతి. 1983లో సింథసైజర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మిడి అనే పద్ధతి వచ్చింది. దానికి ఎంచుకున్నది అర్ధచంద్రాకారంలో అయిదు పిన్నులుండే గుండ్రటి ప్లగ్గు. పాత ఫిలిప్స్ టేప్ రికార్డర్ల వెనుక ఉండే ప్లగ్గే అది. నా సొరుగులో అవి ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి సంగీతం వేరే లోకానిది అనుకునేవారికి ఈ పిన్నులు చూపించాలనిపిస్తుంది.

ఇక ఆ ఆల్బమ్ సంగతికి వస్తాను. పేరు ఎలీసియం. 2012 సెప్టెంబరులో వచ్చింది. పెట్ షాప్ బాయ్స్ పదకొండో స్టూడియో ఆల్బమ్. అప్పటికి టెనెంట్‌కు 58 ఏళ్ళు. అదే సంవత్సరం చివరలో రాంచీ విద్యార్థి, తలంతా నెరిసిన మనిషై, వాళ్ళ బ్యాచ్ పాతికేళ్ళ కలయికకు వరంగల్ వచ్చాడు. దుకాణం వెతుక్కుంటూ వచ్చి, "భయ్యా, ఆ క్యాసెట్ ఉందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. చూపించాను. తన చేతిరాత చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు సంచిలోంచి కాగితం విప్పని ఈ సీడీ తీసి చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇది నా దగ్గర ఉంది, వింటూనే ఉన్నాను. ఈమధ్య కొంత కాలంగా బీరువాలో ఉండిపోయింది.

మొన్న తీసి చూస్తే డిస్కు మీద సన్నని బూజు పొర ఉంది. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపుకు తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు. గీత పడితే అది రికార్డయిన దారి పొడవునా పడి, పాట అక్కడ తడబడుతుంది. అడ్డంగా పడిన గీతను యంత్రం తనంతట తనే సర్దుకుంటుంది. పేరు అచ్చు వేసిన వైపును మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే పాటను మోసే పలుచని అల్యూమినియం పొర ఆ అచ్చు కిందనే ఉంటుంది. చాలామంది మెరిసే వైపునే కాపాడతారు. మా దుకాణంలో ఉన్న పాత ప్లేయర్ లెన్సును దూదితో తుడిచి, దాన్ని లోపల పెట్టి తిప్పాను. ఎక్కడా తడబడలేదు. ఇంటర్ చదువుతున్న మా మనవరాలు పక్కన కూర్చుంది. ఇంగ్లిషు పాటల మాటలు నా చెవికి ఒక పట్టాన అందవు. అందని చోట తను చెప్పింది.

ఈ ఆల్బమ్‌ను వాళ్ళు లాస్ ఏంజెలెస్‌లో చేశారు. ఆండ్రూ డాసన్ అనే అమెరికన్ నిర్మాతతో కలిసి పని చేశారు. ఆయన అంతకు ముందు ర్యాప్ ఆల్బములకు ధ్వని దిద్దినవాడు. యూరప్ నృత్యశాలల కోసం పుట్టిన బృందం అమెరికా ర్యాప్ మనిషి దగ్గరకు వెళ్ళి చేసినది ఏమిటంటే, వేగం తగ్గించడం. ఇది చాలామంది అభిమానులకు నచ్చలేదు. గంతులు వేయించే పాటలు కోరుకున్నవారికి ఇది నీరసంగా తోచింది. నేను వేరేగా వింటాను. పొందిక ఎలా ఉందో వినండి: అడుగున మంద్రంగా కొట్టుకునే నాడి లాంటి బాస్, దాని పైన ఒకే స్వరానికి పెట్టి ఒకదాన్ని వెంట్రుకవాసి తప్పించిన రెండు ఓసిలేటర్లు, అంటే సింథసైజర్‌లో స్వరం పుట్టించే భాగాలు. అలా తప్పించినప్పుడు స్వరం నిలకడగా ఉన్నట్లే ఉండి లోపల మెల్లగా కదులుతుంది. రేడియో ట్యూన్ చేసేవాడికి ఈ కదలిక బాగా తెలుసు. తొలి ఆల్బములలో ఇలాంటి పరదాల మీద డ్రమ్ము మోత నిండి ఉండేది. ఇక్కడ ఖాళీ వదిలారు. ఖాళీ వదలడానికి ధైర్యం కావాలి.

మొదటి పాట లీవింగ్. విడిపోవడం గురించి మొదలై, చనిపోయినవారి దగ్గరకు చేరుతుంది. పోయినవాళ్ళు పూర్తిగా పోరని, మనల్ని ఇలా చేసింది వాళ్ళేనని, రోజూ మనతోనే ఉంటారని దాని భావం. పాట మాత్రం ఏడుపుగొట్టుగా ఉండదు. తేలికగా నడుస్తుంది. దశదిన కర్మ నాడు భోజనాల దగ్గర పోయినవారి ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకునే ఇళ్ళు మన దగ్గర లేవా? ఆ నవ్వు ఈ పాటలో ఉంది.

రెండోది ఇన్విజిబుల్. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ పాటే. వయసు మళ్ళిన మనిషి ఒకరు నలుగురు చేరిన చోటికి వెళ్తారు. వెలుతురు ఉంది, జనం ఉన్నారు, సంగీతం ఉంది. తమను మాత్రం ఎవరూ చూడటం లేదని గ్రహిస్తారు. నేను ఇక్కడ ఉన్నానా, కనబడటం లేదా అని అడగడమే పాట. అరుపు లేదు, ఫిర్యాదు లేదు. టెనెంట్ గొంతు ఎప్పుడూ సన్నగా, పైస్థాయిలో, బలం చూపించకుండా పాడే గొంతు. ఇందులో దాన్ని ఇంకా తగ్గించాడు. మనవరాలు రెండో చరణం దాకా మాటలు చెప్పుకుంటూ వచ్చి, తరువాత ఆపేసింది. నేను కూడా అడగలేదు.

ఈ పాటలోని మనిషిని నేను రోజూ చూస్తాను. మా వీధిలో ఇప్పుడు వరుసగా సెల్‌ఫోను దుకాణాలు. బాట మీద వచ్చేవారి చూపు మా పక్క దుకాణం అద్దాల నుంచి అవతలి దుకాణం అద్దాలకు దూకుతుంది. మధ్యలో ఉన్న మా బల్ల మీద ఆగదు. వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళకు కావలసింది నా దగ్గర లేదు. వేరే చోట్ల జరిగేది మాత్రం బాధ కలిగిస్తుంది. ఒక పెద్ద ఆసుపత్రిలో మా ఆవిడకు పరీక్షలు చేయించడానికి వెళ్తే, డాక్టరు ఆమె జబ్బు గురించి ఆమెను ఒక్క మాట అడగకుండా మా అబ్బాయికే చెప్పుకుంటూ పోయాడు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. అరవై దాటిన ఆడవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవాడు "అమ్మమ్మా, కొంచెం జరగండి" అంటాడు, ఫొటోలోకి రమ్మని కాదు. నాకు తెలిసిన సినిమా పాటలలో ముసలితనం మీద వేళాకోళం ఉంది, వేదాంతం ఉంది. నలుగురిలో నిలబడి కనబడకుండా పోవడం అనే ఈ ఒక్క బాధను ఇంత సూటిగా పట్టుకున్న పాట నేను వినలేదు. ముప్ఫై ఏళ్ళ వయసులో ఉన్నవాడు దీన్ని రాయలేడు. రాసినా పాడలేడు. 1986 నాటి టెనెంట్‌కు కూడా ఇది సాధ్యమయ్యేది కాదు. వ్యాసకర్త చెప్పినట్లు మొదటి నాలుగు ఆల్బములతో సరిపెట్టుకుంటే మనకు ఈ పాట ఉండదు.

నాలుగో పాట మీ వ్యాసానికి ముందే రాసిన జవాబు. దాని పేరు యువర్ ఎర్లీ స్టఫ్. లండన్‌లో టాక్సీ ఎక్కినప్పుడల్లా డ్రైవర్లు టెనెంట్‌ను గుర్తుపట్టి అడిగే మాటలనే పోగు చేసి ఆ పాట కట్టాడు. ఇంకా పాడుతున్నారా, లేక మానేశారా, మీ మొదటి రోజుల పాటలు కొన్ని నాకు ఇష్టమండీ, ఇలా సాగుతాయి. వాళ్ళు ప్రేమగానే అంటారు. పాటలో వాళ్ళ మీద కోపం లేదు. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. కానీ అభిమానంగా అన్న ఆ మాటలో, ఎదురుగా బతికి ఉన్న మనిషిని ఎంత దూరం నెట్టివేయడం ఉందో తెలుస్తుంది. మీ వ్యాసకర్త కూడా ప్రేమతోనే ఆ మాట అన్నారని నాకు తెలుసు. అందుకే వారిని ఈ పాట వినమని అడుగుతున్నాను.

అన్ని పాటలూ గొప్పవని నేను అనను. విన్నర్ అనే పాటను లండన్ ఒలింపిక్స్ వేసవిలో విడుదల చేశారు. విజేతలను పొగిడే పాట. మైదానంలో ఏ బృందమైనా పాడగలిగినది, ఆల్బమ్‌లో ఇది అతుకుపెట్టినట్లు ఉంటుంది. ఆ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వాళ్ళు సైకిల్ రిక్షాల మీద మైదానంలోకి వచ్చి పాడింది మళ్ళీ వెస్ట్ ఎండ్ గర్ల్సే! కొత్త ఆల్బమ్ నెల రోజుల్లో రాబోతున్నా, ప్రపంచమంతా చూస్తున్న వేదిక మీద అడిగింది, పాడింది పాతికేళ్ళ కిందటి పాట. టీవీలో అది చూసినప్పుడు నాకు ఆనందం, దిగులు రెండూ కలిగాయి. ఇగో మ్యూజిక్ అనేది తమను తాము పొగుడుకునే తారల మీద ఎత్తిపొడుపు. ఒకసారి వింటే చాలు. హోల్డ్ ఆన్‌కు పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త హాండెల్ మహాశయుడి పాత బాణీ ఆధారం. మూల బాణీకి ఉన్న గంభీరం ఇందులో గుంపు గొంతుల కింద నలిగిపోయింది. ఎ ఫేస్ లైక్ దట్ మాత్రం పాత వేగం కావాలన్నవారికి పెట్టిన విందు. మెమరీ ఆఫ్ ది ఫ్యూచర్ వినే కొద్దీ పెరుగుతుంది.

చివరి పాట ఒక స్నేహితురాలి అంత్యక్రియల సభ గురించి. డెబ్భైల నాటి లండన్‌లో జీన్సు, చిరుతపులి మచ్చల బట్టలు వేసుకుని తిరిగినవాళ్ళంతా, ఇప్పుడు పెద్దవాళ్ళై, ఆమెను సాగనంపడానికి చేరతారు. శోకగీతం అని పేరులోనే పెట్టి, కింద తాళం మాత్రం డిస్కో నడక నడిపించారు. వయొలిన్లు ఎగసి పడతాయి. చావుకు డప్పు కొట్టి, చిందేసి సాగనంపే ఊళ్ళలో పెరిగిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. డప్పు చప్పుడు ముందు నడుస్తూ, వెనుక ఏడుపు వినబడుతున్న శవయాత్రను నేను చిన్నప్పటి నుంచి చూశాను. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకోవు. ఆల్బమ్ అక్కడ ముగుస్తుంది. యాభై నిమిషాలకు కాస్త పైన.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. దీని తరువాత పది నెలలకే, 2013 జులైలో, ఎలక్ట్రిక్ అనే ఆల్బమ్ వచ్చింది. స్టువర్ట్ ప్రైస్ నిర్మాత. వేగం, హోరు, నృత్యం. బృందం మళ్ళీ కోలుకుందని చాలామంది రాశారు. నాకూ అది ఇష్టమే, మా మనవరాలికి ఇంకా ఇష్టం. కానీ కోలుకోవడం అనే మాట నాకు ఒప్పుకోబుద్ధి కాదు. జ్వరం వస్తే కదా కోలుకోవాలి? ఎలీసియం జబ్బు కాదు. ఒక వయసులో మనిషికి ఏమి కనిపిస్తుందో చూసి, దానికి తగిన వేగంలో పాడిన పని. యాభై దాటిన వయసులో అలా నెమ్మదించి, మరుసటి ఏడు మళ్ళీ పరుగెత్తగలిగారంటే, నెమ్మది వాళ్ళు ఎంచుకున్నదే కాని చేతకానితనం కాదని అర్థం.

యంత్రం మీద చేసిన సంగీతానికి వయసు రాదని కొందరు అంటారు. వ్యాసంలోనూ ఆ ఛాయ ఉంది: సింథసైజర్ పాటలు కుర్రకారువి, ఆ యంత్రాల మోజుతో పాటే పోయాయని. మా ఓరుగల్లు మట్టెవాడలో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు గొంతు ఒక్కటే పెట్టుబడిగా ప్రపంచంలోని మనుషులనూ యంత్రాలనూ పలికించారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. ఆయన ప్రదర్శన ముందు వరుసలో కూర్చుని విన్న అదృష్టం నాకు ఉంది. గొంతు యంత్రాన్ని పలికిస్తుంటే కళ అని చప్పట్లు కొట్టాం కదా, యంత్రం మనిషి గొంతు దాచుకున్న బాధను పలికిస్తుంటే ఎందుకు అది బొమ్మ అనుకోవాలి? ఓసిలేటర్‌కు వయసు లేదు, నిజమే. పై స్వరాలను తగ్గించే ఫిల్టర్ గుండీని ఎంత వరకు మూయాలో నిర్ణయించే చేతికి ఉంది.

ఈ మాటలు ఒక ఇంగ్లిషు బృందం కోసం ఇంత ఆరాటంగా ఎందుకు రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. మన దగ్గరా ఇదే జరుగుతోంది కనుక రాస్తున్నాను. ఇక్కడి వేదికల మీద పెద్ద వయసు గాయకులు, ఒగ్గు కథకులు, బుర్రకథ చెప్పేవారు వస్తే, కింద నుంచి చీటీలు వెళ్తాయి. ప్రతి చీటీలోనూ పాతికేళ్ళ కిందటి పాట పేరే. ఈ మధ్య కొత్తగా కట్టినది పాడతానని ఒక పెద్దాయన మైకు దగ్గర చెబుతుంటే, నిర్వాహకులు వద్దని చేత్తో సైగ చేయడం నా కళ్ళతో చూశాను. ఆయన తల ఊపి పాతదే ఎత్తుకున్నాడు. బాగా పాడాడు. ఆ కొత్త పాట ఏమిటో ఆ సభలో ఎవరికీ తెలియకుండా పోయింది. మడికొండలో పెరిగిన కాళోజీ గారికి 77 ఏళ్ళ వయసులో, 1992లో, పద్మవిభూషణ్ వచ్చింది. ఆయనను మాత్రం ఈ ఊళ్ళో ఎవరూ మీ మొదటి 'నా గొడవ' చాలు, ఇక రాయకండి అనలేదు. ముసలితనంలో ఆయన అన్న ప్రతి మాటనూ నిలబడి విన్నాం. కవికి ఇచ్చిన ఆ మర్యాద పాట కట్టేవాడికి ఎందుకు దక్కదో నాకు బోధపడదు.

కనుక నా విన్నపం ఇది. ఎనభైల పాటల మీద పేజీ వేసిన మీరే, అదే స్థలంలో ఆ కళాకారుల ఆలస్యపు పనుల మీద కూడా ఒక పేజీ వేయండి. ఇంగ్లిషు బృందాలతో ఆపకండి. మన జిల్లాలలో అరవై, డెబ్భై దాటి ఇప్పటికీ కొత్త పాటలు కడుతున్నవారి దగ్గరకు మీ విలేకరులను పంపండి. తొలినాటి పాట గురించి కాకుండా, నిన్న మొన్న కట్టిన దాని గురించి అడగమనండి. అడిగితే చెప్పడానికి వాళ్ళ దగ్గర చాలా ఉంది.

వ్యాసం రాసినవారికి ఎలీసియం దొరకకపోతే మా దుకాణానికి రావచ్చు. మధ్యాహ్నం మూడు తరువాత పెద్దగా పని ఉండదు. సీడీని ఇంటికి పంపించను, అది ఒకరు చేతిలో పెట్టిన వస్తువు. ఇక్కడే కూర్చుని, రెండో పాట నుంచి మొదలుపెట్టి వినవచ్చు.

ఇట్లు,
రేడియో, టేప్ రికార్డర్ల మెకానిక్,
హనుమకొండ